కేకు మీద వకారవత్తు విజయం

మూసీనదికి దక్షిణాన, ఇరానీ చాయ్ ఆవిరులే ప్రభాతమేఘాలుగా, ఆటోరిక్షాల హారన్లే శంఖనాదాలుగా, తెగిన గాలిపటాలు వేలాడే కరెంటుతీగలే మంగళతోరణాలుగా విరాజిల్లు భాగ్యనగర పురాతన ఖండమందు, సైదాబాదు అను పేటయందు, రెండువేల ఏడవ సంవత్సరపు గ్రీష్మాన, సహస్రకిరణుడు డాబామీది నల్లట్యాంకులో నీళ్లను ఎసరువలె మరిగించుచున్న ఒకానొక ఆదివారపు మధ్యాహ్నాన, ఫైలుధురంధరుడూ, సీనియర్ అసిస్టెంటుకులతిలకుడూ, సంతకానికి తప్ప దేనికీ తొందరపడని ధీరుడూ అయిన రఘురామ్, లుంగీ ఎగదోపి, బనియను సవరించుకుని, కటింగ్ మిషన్ ఎదుట మోకాళ్లమీద కూర్చుండెను. ఆ మీదట జరిగినదే ఈ గాథ. వినదలచినవారు చాయ్ పక్కన పెట్టుకుని వినవలసింది. యుద్ధం పొడవు, గెలుపు పొట్టి.

ఆ యుద్ధానికి కారణం రాజ్యం కాదు, రమణి కాదు, ఒక పేరు.

రఘురామ్ తల్లి కామేశ్వరమ్మకు ఆనాటి సాయంత్రానికి డెబ్బై అయిదు నిండుతాయి. నిరుడు ఇదే దినాన కిషన్‌బాగ్ నివాసీ, రఘురామ్ అక్క నాగమణమ్మకు భర్తా, పరిహాసబాణతూణీరుడూ అయిన వైకుంఠం, ఎక్కడో ఒక బేకరీలో చెప్పి ఒక కేకు చేయించి తెచ్చాడు. దాని మీద గులాబిరంగు క్రీముతో "హ్యాపీ బర్త్‌డే కమేసరమా" అని రాసి ఉంది. కామేశ్వరమ్మ కళ్లద్దాలు తుడుచుకుని, పెట్టుకుని, రెండుసార్లు చదివి, చుట్టూ ఉన్నవారిని కలయజూసి అడిగింది:

"ఈవిడెవర్రా? వచ్చిందా, ఇంకా రావాలా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ కేకులో ఒక్క ముక్క కూడా నోట పెట్టలేదు. వచ్చినవాళ్లకు పంచిపెట్టి, తాను ఒక అరటిపండు తిని, లోపలి గదిలోకి పోయి పడుకుంది. గిన్నెల మీద మొగుడి పేరూ, పాసుపుస్తకం మీద కొడుకు పేరూ తప్ప జీవితమంతా తన పేరు ఎక్కడా చూసుకోని ఆ మాతృమూర్తి, డెబ్బై నాలుగేళ్ల వయసులో తన పేరు కోసం అలిగిందని రఘురామ్‌కు ఆ రాత్రి బోధపడింది. బోధపడగానే అతని గుండెలో ఏదో కలుక్కుమంది. ఏటా ఆఫీసు నాటకాల్లో పౌరాణిక పాత్రలు వేసిన అనుభవం ఉన్నవాడు గనుక, కలుక్కుమన్న ప్రతిసారీ అతని నోట గ్రాంథికం వచ్చేది.

"అమ్మా! ఆలకింపుము!" అని మరునాడు కాఫీ వేళ, బావగారి సమక్షంలో, గ్లాసెత్తి పలికాడు. "వచ్చు సంవత్సరమున నీ జన్మదినమందు, నీ నామధేయము, దీర్ఘములతో, ఏత్వములతో, వత్తులతో, వంకరపోకుండ, నా స్వహస్తములతో నీ కేకుపై నిలబెట్టెదను! నిలబెట్టలేనినాడు ఈ రఘురామ్ మళ్లీ రంగస్థల మెక్కడు!"

"ఆ రెండోది జరిగినా మాకు సంతోషమేనోయ్" అన్నాడు వైకుంఠం, మీసం దువ్వుకుంటూ. "నిలబెట్టు, చూద్దాం. ఎందుకైనా మంచిది, నేనూ ఒక డబ్బా పట్టుకొస్తాను. నీది కూలిపోతే నాది కోయిద్దాం."

రఘురామ్ భార్య హరిప్రియ ఆ మాటకు కాఫీగ్లాసును కాస్త గట్టిగా బల్లమీద పెట్టింది. అదే యుద్ధభేరి.

ఇక ఆయుధం సంగతి. కింది వాటాలో కాపురముంటూ, కార్వాన్‌లో రేడియం స్టిక్కర్ల దుకాణం నడిపే ఇంటి యజమాని రజాక్, ఆటోల వెనక అద్దాలకూ, బండ్ల నంబరు ప్లేట్లకూ అక్షరాలు కోయడానికి కొత్త మిషన్ కొన్నాడు. పాతది పెట్టుకోవడానికి కింద చోటు లేక, పై వాటాలోకి పంపాడు. పంపిన రోజు నుంచీ ఆ యింట్లో ఒక ఉన్మాదం ప్రవేశించింది. రఘురామ్ ఆఫీసు నుంచి వచ్చి టీ తాగకముందే కంప్యూటరు తెరిచేవాడు. కందిపప్పు డబ్బా మీద కందిపప్పు అనీ, పెసరపప్పు డబ్బా మీద పెసరపప్పు అనీ, ఫ్రిజ్ మీద ఫ్రిజ్ అనీ రంగురంగుల స్టిక్కర్లు వెలిశాయి. హరిప్రియ రంగుకాగితాల పూలదండలు కోసింది. ఒకసారి కామేశ్వరమ్మ నిద్రలేచేసరికి ఆమె చేతికర్ర మీద సీతాకోకచిలుకలు వాలి ఉన్నాయి.

అయితే స్టిక్కరు వేరు, అట్ట వేరు. స్టిక్కరుకు వెనక అంటుకాగితం ఉంటుంది గనుక కోసిన అక్షరం ఎక్కడిదక్కడే బుద్ధిగా కూర్చుంటుంది. కేకు మీద పుల్లకు గుచ్చి నిలబెట్టవలసిన బంగారురంగు అట్టకు అటువంటి ఆసరా లేదు. ఈ సూక్ష్మం రఘురామ్‌కు ఆ మధ్యాహ్నం దాకా తెలియదు. బంగారురంగు అట్టలు మూడంటే మూడే ఉన్నాయి. ఆదివారం గనుక పుస్తకాల దుకాణం మూత.

కింద వంటింట్లో రెండవ యుద్ధరంగం సిద్ధమై ఉంది. అక్కడి సేనాని రజాక్ ఇల్లాలు మహబూబున్నీసా. ఆమె వద్ద గుండ్రటి అల్యూమినియం ఓవెన్ ఒకటుంది. మూతకు ఒంటి గాజుకన్నుతో, ఏకాక్షి రాక్షసివలె బల్లమీద కూర్చుని ఉంటుంది.

"గుడ్డు లేకుంట కేకా? గిదేం లొల్లి హరిప్రియా!" అంది మహబూబున్నీసా, కొంగు నడుముకు చుట్టి.

"మా అత్తయ్యగారు గుడ్డు ముట్టరు వదినా. పెరుగు వేద్దాం."

"పెరుగేస్త. పాలపొడి ఏస్త. కోకో పొడి మస్తుగ ఏస్త. పొంగకపోతె మాత్రం నన్ను అనొద్దు. పొంగించేటోడు ఆ పైనున్నోడు."

"మా ఆయనా?"

"అరె, అల్లా మియా!"

అలా పై అంతస్తులో కత్తి, కింది అంతస్తులో పిండి, ఏకకాలంలో రణరంగప్రవేశం చేశాయి.

రఘురామ్ కంప్యూటరు తెరమీద ఆ నామాన్ని పరచుకుని ఒక్క క్షణం చేతులు జోడించాడు. కా, మే, శ్వ, ర, మ్మ. అయిదు అక్షరాలు. పంచాక్షరి! ఈ సామ్యం స్ఫురించగానే అతని ఒళ్లు గగుర్పొడిచింది. "అమ్మా, నీ పంచాక్షరిని నిలబెట్టుదాక నీరు ముట్టను" అన్నాడు. అని, దాహం వేస్తున్నట్టు గుర్తొచ్చి, ముందుగానే రెండు గ్లాసులు తాగి, మిషన్ మీట నొక్కాడు.

అంతట ఆ యంత్రం, నిద్రాభంగమైన భల్లూకంలా ఒక్క గుర్రు పెట్టి, కుడికీ ఎడమకూ తల విసురుతూ, అట్టను లోపలికి లాగుతూ, బయటికి తోస్తూ, కరకర, కిరకిర, బరబర అంటూ తాండవమాడి, హఠాత్తుగా శాంతించింది. రఘురామ్ ఆత్రంగా అట్ట తీసి వెలుగులో పట్టుకున్నాడు. అట్ట నిక్షేపంలా ఉంది. దానిమీద పిల్లి గీరినంత గీత ఉంది. కత్తి లోతు చాల్లేదు. గీసిన గీత మీద మళ్లీ కత్తెర పెడదామని చూస్తే అట్ట పొరలు పొరలుగా చిరిగింది. ప్రథమ సైనికుడు నేలకొరిగాడు.

రెండవ అట్టకు రఘురామ్ కత్తి మరను తిప్పాడు. తిప్పుతుండగా నిరుటి గులాబిరంగు అక్షరాలు గుర్తొచ్చాయి. ఆ కోపంలో ఇంకొంచెం తిప్పాడు. ఈసారి యంత్రం అట్టను కోసింది, అట్ట కింద పరిచిన షీటును కోసింది. షీటు కింద ఇంకేదైనా ఉంటే దాన్నీ కోసేదే. అక్షరాలు మాత్రం అద్భుతంగా తెగాయి. ఆహా అని రఘురామ్ అట్టను పైకెత్తాడు. ఎత్తిన మరుక్షణం, పండిన ఆకులు రాలినట్టు, కామేశ్వరమ్మ గారి సమస్త అంగాంగాలూ జలజల నేలమీద రాలాయి. దీర్ఘం ఒక చోట, ఏత్వం ఒక చోట. అక్షరాల గుండ్రటి పొట్టల్లోంచి తెగిన చిన్నచిన్న బిళ్లలు ఒక చోట. శకారం కింద ఉండవలసిన వకారవత్తు మాత్రం ఫ్యాను గాలికి లేచి, ఒక చక్కరు కొట్టి, రఘురామ్ ముక్కుమీద వాలి, మళ్లీ లేచి సోఫా కిందకు పోయింది.

చప్పుడుకు రజాక్ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో చాయ్ కప్పుంది. యుద్ధభూమిని ఆసాంతం పరికించి, జాలిపడి, గోడకు ఆనుకున్నాడు.

"ఏంది రఘురామన్నా, గిట్ల ముక్కలు ముక్కలు చేసినవ్?"

"నేను చేయలేదు భాయ్. మీ మిషన్ చేసింది."

"మిషన్‌దేం తప్పులే అన్నా. ఇరవై ఏండ్ల సంది అక్షరాలు కోస్తున్న. ఇంగ్లీషు అక్షరం కోసినవనుకో, గమ్మున నిలబడ్తది. మీ తెలుగు అక్షరానికి తల వేరె, కాలు వేరె, కింద తోక వేరె. అట్టల కోస్తె గిట్లనే అయితది. నేనైతె వత్తులు తీసేసి రాస్తుంటి, ఆటోవాలాలు ఎవ్వరు అడగలే."

"మా అమ్మ అడుగుతుంది" అన్నాడు రఘురామ్. ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో నాటకం లేదు. రజాక్ కప్పు కింద పెట్టి, సోఫా కింద వత్తు కోసం వెతకడానికి వంగాడు.

పిండి పాత్రను ఓవెన్‌లో పెట్టి అప్పుడే పైకొచ్చిన హరిప్రియ, చిల్లులుపడిన బంగారు అట్ట కాళ్లకు అడ్డం తగలగా, దాన్ని తీసి, వెనకాముందూ చూడకుండా పడమటి కిటికీ ఊచల్లో దోపింది. "అక్షరాల కింద ఒక పట్టీ గీయండి" అంది. "అన్నీ దానికి అతుక్కుని ఉంటాయి. రైలుపెట్టెల్లాగా."

రఘురామ్ భార్యను కొత్తగా చూశాడు. "దేవీ! నీ బుద్ధి..."

"బుద్ధి తర్వాత. ఒక్కటే అట్ట మిగిలింది. కత్తి సరిచూసుకోండి. మీ అక్కవాళ్లు అయిదింటికల్లా వచ్చేస్తారు."

లోపలి గది నుంచి కామేశ్వరమ్మ కంఠం వినిపించింది. "ఏమిట్రా ఆ గోల? ఇంట్లో మిల్లు పెట్టారా?"

"ఏం లేదమ్మా! పడుకో!"

"ఎలా పడుకుంటానురా, మంచం అదురుతుంటే?"

మూడవ అట్టను, అనగా కడపటి యోధుణ్ణి, రఘురామ్ కళ్లకద్దుకుని యంత్రానికి సమర్పించాడు. యంత్రం కదిలింది. కత్తి దిగింది. కకారం తెగింది, దీర్ఘం తెగింది. ఏత్వంతో సహా మేకారం, ఆహా, వెన్నలో గీసినట్టు తెగింది. శకారపు మెడ వంపు తిరుగుతున్నది. రఘురామ్ ఊపిరి బిగబట్టాడు. రజాక్ సోఫా కింద నుంచి తల తిప్పి చూస్తున్నాడు. హరిప్రియ మంగళసూత్రాన్ని పట్టుకుంది.

ఠప్.

ఫ్యాను నిలిచింది. కంప్యూటరు కన్నుమూసింది. యంత్రం శకారపు గొంతుమీద కత్తి ఆనించి, అలాగే గడ్డకట్టుకుపోయింది. వీధి వీధంతా ఒక్కసారిగా "పోయింది" అనే నిట్టూర్పు లేచింది. ఆ నిట్టూర్పు ఇంకా అణగకముందే కింది అంతస్తు నుంచి ఒక ఆర్తనాదం మెట్లెక్కి వచ్చింది.

"హరిప్రియా! కరెంటు పోయె! కేకు సగం పొంగి ఆగింది! జల్దీ రా!"

హరిప్రియ మెట్లు దిగింది అనడం అతిశయోక్తి. మొదటి మెట్టు మీదా, చివరి మెట్టు మీదా మాత్రమే ఆమె కాలు ఆనింది. కింద ఒంటికంటి ఓవెన్ చల్లారుతున్నది. గాజుకన్ను లోపల, పుట్టీ పుట్టని కేకు అంచుల దగ్గర ఆశగా లేచి, నడుమ వణుకుతున్నది. మహబూబున్నీసా ఒక్క క్షణం ఆలోచించింది. పిమ్మట బక్రీదుకు మాత్రమే కిందికి దిగే మహా దేగ్చాను అటక మీంచి లాగింది. అందులో పెరట్లో మిగిలిన ఇసుక పోసింది. గ్యాసు పొయ్యి మీదకెక్కించి, ఇసుక వేడెక్కగానే కేకు పాత్రను దాంట్లో దించి, మూతపెట్టి, మూత మీద రోటిబండ పెట్టింది.

"ఫికర్ జేయకు" అంది, చెమట తుడుచుకుంటూ. "మా అమ్మ గిట్లనే చేస్తుండె. కరెంటు ఎవ్వరికి కావాలె!"

పై అంతస్తులో అంత ధైర్యం లేదు. యంత్రం నోట్లోంచి లాగితే వచ్చిన అట్టమీద తెగిన మేరకు రెండే అక్షరాలున్నాయి. "కామే" అని ఉంది. రఘురామ్ దాన్ని ఒళ్లో పెట్టుకుని నేలమీద కూలబడ్డాడు. అతనికి వైకుంఠం మీసం కళ్లముందు కదిలింది. ఆ మీసం వెనక, కళ్లద్దాలు తుడుచుకుంటూ, తనది కాని పేరును రెండుసార్లు చదువుకుంటున్న తల్లి కనిపించింది. ఏడుపు రాలేదు కాని వచ్చేట్టే ఉంది.

"ఓ యంత్రమా!" అన్నాడు సన్నగా. "లారీల వెనక లక్ష మాటలు కోసితివే. నా తల్లికి ఒక్క వత్తు కోయలేకపోతివా?"

"అన్నా" అన్నాడు రజాక్.

"నన్ను కదపవద్దు భాయ్."

"కదుపుతలేను. గా ఫ్రిజ్ చూడు."

రఘురామ్ తలెత్తాడు. దీపాలు లేక మసకబారిన గదిలోకి, పడమటికి వాలిన సూర్యుడు కిటికీ గుండా ఒకే ఒక బాణం వేశాడు. ఆ బాణం హరిప్రియ ఊచల్లో దోపిన చిల్లుల అట్ట గుండా దూసుకువచ్చి, ఎదురుగా ఉన్న తెల్లని ఫ్రిజ్ తలుపుకు తగిలింది. అట్టను తిరగేసి దోపడంవల్ల కిటికీలో ఎదురు తిరిగి ఉన్న అక్షరాలు, ఫ్రిజ్ మీద మాత్రం సవ్యంగా, బంగారు వెలుగులో, వణుకుతూ నిలబడి ఉన్నాయి. దీర్ఘం ఉంది. ఏత్వం ఉంది. శకారం కింద, ఎవ్వరూ అతికించకుండానే, ఎవ్వరూ పట్టుకోకుండానే, వకారవత్తు వేలాడుతున్నది.

కామేశ్వరమ్మ.

రఘురామ్ లేచాడు. లుంగీ జారబోతే ఒంటిచేత్తో పట్టుకుని, రెండవ చేత్తో ఆకాశం వైపు చూపించాడు. "తెలిసినది! తెలిసినది! రాలిన అక్షరములు కావు భాయ్, అవి విడిచిన ఖాళీయే నా అస్త్రము! ఈ అట్టను కేకుపై పరచెదను! పైనుండి పంచదార పొడి చల్లెదను! అట్ట తీసెదను! అక్షరములు మిగులును! కేకునకే అంటుకొనియున్న వత్తు ఎక్కడికి పోవును?"

"ఎక్కడికీ పోదన్నా" అన్నాడు రజాక్. "గని, నీ రకారం చూడు. చంద్రుడి లెక్క ఉన్నది."

నిజమే. అక్షరాల పొట్టల్లోని బిళ్లలు రాలిపోవడంవల్ల, లోపల ఖాళీ ఉండవలసిన రకారం నిండు పున్నమిలా వెలుగుతున్నది. మకారాల పొట్టలూ నిండిపోయాయి. ఆ బిళ్లలను మళ్లీ తెచ్చి, కేకు మీద వాటి వాటి స్థానాల్లో పెట్టి, అప్పుడు పొడి చల్లాలి. ఇద్దరు మహావీరులూ నేలమీద బోర్లాపడ్డారు. తివాచీ కింద ఒక బిళ్ల దొరికింది. కంప్యూటరు తీగల్లో ఇంకొకటి. రఘురామ్ తలవెంట్రుకల్లోనే ఒకటి దొరికింది. అన్నీ దొరికాయి, రకారపు పొట్ట తప్ప. ఫ్రిజ్ కింద కర్ర పెట్టి గెలికితే ఒక దువ్వెనా, ఎండిన నిమ్మకాయా, సీతాకోకచిలుక స్టిక్కరూ బయటపడ్డాయి. రకారపు పొట్ట పడలేదు.

పైనుంచి పొడి అక్షరాల కబురు అందేసరికి కింద దేగ్చా మూత తెరిచారు. కేకు ఉడికింది. సువాసన మెట్లెక్కి, లోపలి గదిలోని కామేశ్వరమ్మ మంచాన్ని చేరింది. కాని కేకు నడుమ, చెరువు ఎండినట్టు, పెద్ద గుంట పడింది. హరిప్రియ ముఖం కూడా అలాగే పడింది.

"గుంటల అక్షరాలు ఎట్ల కూసుంటయి వదినా?"

సంవత్సరాల స్నేహంలో హరిప్రియకు తెలియకుండానే కింది వాటా యాస అబ్బింది. మహబూబున్నీసా కొంగు బిగించింది. పళ్లెం తెచ్చి పాత్ర మీద బోర్లించి, రెంటినీ రెండు చేతులా పట్టుకుని, బిస్మిల్లా అని, ఒక్క ఊపున తిరగేసింది. గుంట అడుక్కు పోయింది. నున్నటి అడుగు పైకొచ్చి, తారురోడ్డులా నల్లగా, చదునుగా నిలిచింది.

"గుంట ఉన్నదని ఎవ్వరికి చెప్పకు" అంది.

కేకు మహబూబున్నీసా చేతుల మీదుగా పైకి చేరింది. అట్టను దాని మీద పరిచారు. హరిప్రియ బిళ్లలను ఒక్కొక్కటే పిన్నీసు మొనతో ఎత్తి, మకారపు పొట్టలోనూ, మిగతా వంపుల్లోనూ పెట్టింది. రకారం మాత్రం నోరు తెరుచుకుని ఉంది. సరిగ్గా అదే వేళ వీధిలో స్కూటరు ఆగింది. దాని హారన్ మూడుసార్లు మోగింది. అలా మోగించేవాడు ఈ నగరంలో వైకుంఠం ఒక్కడే.

"వచ్చేశారు!" అన్నాడు రఘురామ్. అని టీ జల్లెడలో పంచదార పొడి నింపాడు.

హరిప్రియ గది చుట్టూ చూసింది. రకారపు పొట్టంత గుండ్రంగా, పలచగా, చిన్నగా ఏముంది? ఆమె చూపు గోడనున్న అద్దం మీద ఆగింది. ముఖం కడుక్కునేటప్పుడల్లా తీసి అంటించి మరిచిపోయిన బొట్టుబిళ్లలు అద్దం అంచున బారులు తీరి ఉన్నాయి. ఆమె వాటిలో ఒక ఎర్రటిదాన్ని గోటితో లేపి, జిగురు వైపు పైకి ఉండేట్టు పిన్నీసు మీద తెచ్చి, రకారం నడుమ దించింది. అది అక్కడే పుట్టినట్టు సరిపోయింది.

"చల్లండి" అంది.

రఘురామ్ చల్లాడు. హిమాలయాల మీద మొదటి మంచు కురిసినట్టు, జల్లెడ నుంచి పంచదార పొడి రాలింది. హరిప్రియ బిళ్లలను తీసింది. రజాక్ ఒక అంచు, రఘురామ్ ఒక అంచు పట్టుకుని, ఊపిరి వదలకుండా అట్టను నిలువునా పైకెత్తారు. నల్లని కేకు మీద తెల్లగా ఆ పంచాక్షరి నిలిచింది. అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మాట్లాడితే గాలి తగులుతుంది.

తలుపు తోసుకుని వైకుంఠం ప్రవేశించాడు. ఒక చేతిలో పెద్ద అట్టడబ్బా, వెనక నాగమణమ్మ.

"ఏమోయ్ బావమరిదీ! శపథం ఏమైంది? చీకట్లో కూర్చున్నారు, పేరు కనబడకుండానా?" అంటూ బల్ల దగ్గరికొచ్చి, వంగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. మీసం దువ్వబోయిన చెయ్యి మీసం దాకా వెళ్లలేదు.

"చదవండి బావగారూ" అన్నాడు రఘురామ్, అతి వినయంగా.

"అక్షరాలు బాగానే..." అని వైకుంఠం గొంతు సవరించుకుని, తన డబ్బా మూత తీశాడు. "నాదీ ఈసారి తప్పులేకుండా రాయించాను తెలుసా. ఫోన్లో ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాను."

డబ్బాలో ఆకుపచ్చ క్రీముతో "హ్యాపీ బర్త్‌డే కామేష్ అమ్మ" అని ఉంది.

నాగమణమ్మ మొగుడి వైపు చూసింది. "కామేష్ ఎవరండీ?" అంది.

వైకుంఠం నోరు తెరిచాడు. కాని అతని సమాధానం చరిత్రకు దక్కలేదు. ఎందుకంటే ఆ క్షణాన వీధి వీధంతా "వచ్చింది" అని కేక పెట్టింది. కంప్యూటరు కుయ్యిమంది. యంత్రం శకారాన్ని తలచుకుని గుర్రుమంది. నడినెత్తిన, ఇంతసేపూ నిద్రించిన పంకా, తన మూడు రెక్కలనూ విదిల్చి తిరగడం మొదలుపెట్టింది.

"ఫ్యా...ను!" అని రఘురామ్ అరిచిన అరుపు రంగస్థలం మీద అతను ఎన్నడూ అరవనిది. స్విచ్చుబోర్డు తలుపు వెనక ఉంది. తలుపుకూ అతనికీ నడుమ బల్ల, సోఫా, రజాక్, చాయ్ కప్పు ఉన్నాయి. అతను సోఫా మీదుగా దూకాడు. లుంగీ దూకలేదు, సోఫా చేతికి చిక్కుకుంది. రెక్కలు వేగమందుకుంటున్నాయి. దీర్ఘం కొసన పంచదార రేణువులు లేచి సన్నని పొగలా కదిలాయి. మహబూబున్నీసా కళ్లు మూసుకుంది.

అప్పుడు, ఎవ్వరూ ఊహించని వైపు నుంచి, ఎవ్వరూ ఊహించని వీరుడు కదిలాడు. వైకుంఠం తన డబ్బా మూతను డాలులా పట్టుకుని, బల్లమీదికి వంగి, ఆ పేరుకు పైన గొడుగు పట్టాడు. పట్టడమే కాదు, గాలి పక్కల నుంచి దూరకుండా తన రెండు మోచేతులనూ కోటగోడల్లా చుట్టూ ఆనించి, గడ్డం మూతకు ఆనించి, కదలక మెదలక నిలిచాడు.

"కట్టెయ్యవయ్యా తొందరగా!" అన్నాడు, పెదవులు కదపకుండా. "వత్తు ఎగిరిపోతుంది!"

రఘురామ్, లుంగీ చెరగు పళ్లతో పట్టుకుని, తలుపు వెనక్కి చేయి జొనిపి స్విచ్చు కొట్టాడు. పంకా ఇంకొన్ని చుట్లు అయిష్టంగా తిరిగి ఆగింది. వైకుంఠం మెల్లగా, మెల్లగా మూత తీశాడు. అతని నల్లని మీసం సగం తెల్లబడింది. కేకు మీద మాత్రం కా, మే, శ్వ, ర, మ్మ, అన్నీ ఉన్నాయి. శకారం కింద వకారవత్తు చెక్కుచెదరలేదు.

బావా బావమరుదులు ఒకరినొకరు చూసుకున్నారు.

"నేనూ చిన్నప్పుడు నాటకాలేశాన్లే" అన్నాడు వైకుంఠం, సంబంధం లేకుండా.

అప్పుడు సీతాకోకచిలుకల కర్ర టకటకలాడించుకుంటూ కామేశ్వరమ్మ వచ్చింది. అందరూ పక్కకు తప్పుకున్నారు. ఆమె కేకును చూసి, వంగి వాసన చూసి, "నల్లగా ఉందేమే, మాడిందా?" అంది.

"కోకో, అమ్మీ" అంది మహబూబున్నీసా. "గుడ్డు లేదు. ఒట్టు."

కామేశ్వరమ్మ కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుంది. పెట్టుకుంది. వేలు గాల్లో కదుపుతూ, ముట్టుకోకుండా, ఒక్కొక్క అక్షరమే చదివింది. శకారం దగ్గర వేలు కిందికి వంచి, వత్తు చుట్టూ తిప్పింది. రకారం దాటింది, మకారం దాటింది, దాని కింది మకారవత్తు దగ్గర ఆగింది. రఘురామ్ కూడా ఆ వేలితోపాటే వంగాడు.

"మీ నాన్నగారు ఎన్ని ఉత్తరాలు రాశారురా నాకు" అంది ఆమె చివరికి. "ఒక్కదాంట్లోనూ శకి వత్తు ఇవ్వలేదు. చెప్పీ చెప్పీ ఊరుకున్నాను."

ఆమె నవ్వింది. నవ్వుతూ కళ్లద్దాలు మళ్లీ తీసింది. ఈసారి తుడిచింది అద్దాలను కాదు.

రఘురామ్‌కు గ్రాంథికం రాలేదు. అతను ఎంతో ప్రయత్నించాడు. చివరికి, "బాగుందా అమ్మా?" అని మాత్రం అనగలిగాడు.

"పేరే కదరా, బాగానే ఉంటుంది" అంది తల్లి. "కత్తి ఇవ్వు."

"పేరు మీద కత్తి పెట్టొద్దమ్మీ, పక్కల నుంచి కొయ్యి" అన్నాడు రజాక్.

"పక్కన ఏముంది నాయనా తినడానికి? అసలు తియ్యన అంతా పేరులోనే ఉంటే!" అని ఆమె శకారానికి అటూ ఇటూ రెండు కోతలు కోసింది. అడుగున దాగిన గుంట బయటపడింది. మహబూబున్నీసా పైకప్పు వైపు చూసింది. కామేశ్వరమ్మ ఆ గుంటను పట్టించుకోలేదు. "కా నాగమణికి. మే అల్లుడికి, మీసానికి అప్పుడే కొంచెం పెట్టారు గనుక చిన్నది. ర కింది వాటావాళ్లకి. మ్మ మీ ఇద్దరూ పంచుకోండి. ఆ కామేష్ ఎవరో గాని, అతణ్ణి ఫ్రిజ్‌లో పెట్టండి, రేపు చూద్దాం."

"మరి నీకు?" అన్నాడు రఘురామ్.

ఆమె అప్పటికే పళ్లెంలోకి తీసుకుంది.

ఇట్లు సైదాబాదు మహాక్షేత్రమందు, ఆ గ్రీష్మ ఆదివారపు సాయంసంధ్యవేళ, యంత్రమును, అట్టను, గుంటను, కరెంటును, పంకాను క్రమక్రమంగా జయించి, బొట్టుబిళ్లంత కూడా లేని, పంచదారతో తప్ప దేనితోనూ చేయని ఒకానొక వకారవత్తు, తాను ఉండవలసిన అక్షరం కింద, ఉండవలసిన వంపుతో, ఏ ఒక్క రేణువూ జారకుండా, కామేశ్వరమ్మ నోటి వరకూ ప్రయాణించి, ఆమె నాలుక మీద కరిగి, శాశ్వత విజయమందెను.